కుక్కకి, పిల్లికి సామాన్లు కొనడం ఎలా: టేపు పట్టుకునే దగ్గర్నించి బిల్లు కట్టేదాకా

కుక్కపిల్లని తెచ్చుకున్నాం ఏమేం కొనాలి, పిల్లికి ఏ లిట్టర్ (ట్రేలో పోస్తే అది దొడ్డికి వెళ్ళే మట్టి) మంచిది, షాపువాడు ఇది ఇచ్చాడు కరెక్టేనా... ఇవే ప్రశ్నలు మళ్ళీమళ్ళీ వస్తున్నాయి కాబట్టి అన్నీ ఒక్కచోట రాసేస్తున్నా. వరసగా చదవండి, ఎందుకంటే చాలామందికి డబ్బులు పోయేది షాపులో కాదు, ఇంట్లోనే. కొలతలు తీసుకోకుండా, లిస్టు రాసుకోకుండా బయల్దేరిపోతారు, అక్కడ గోడనిండా వేలాడే రంగురంగుల సరుకు చూసి చేతికందింది బుట్టలో వేసుకుంటారు, తీరా ఇంటికొచ్చాక హార్నెస్ (ఛాతీ చుట్టూ తొడిగే పట్టీలు) తలకి పట్టదు.

1. ముందు కొలతలు

కావాల్సినవి రెండే, టైలర్ టేపు, బరువు చూసే మిషను. టేపు లేకపోతే ఓ దారం చుట్టి దాన్ని స్కేలు మీద పెట్టి కొలవండి.

బరువు: కుక్క మిషను మీద నిలబడదు, ఆ ప్రయత్నం వదిలేయండి. దాన్ని ఎత్తుకుని మీరు నిలబడండి, తర్వాత మీరు ఒక్కరే నిలబడండి, రెండోది తీసేయండి. పిల్లికీ అంతే. మీరు ఎత్తలేనంత పెద్దదైతే వెట్ క్లినిక్‌లో నేలమీదే ఉండే పెద్ద మిషను ఉంటుంది, అడిగితే చూసుకోనిస్తారు. ఫుడ్ కొలత, పిడుదుల మందు, నులిపురుగుల మందు అన్నీ బరువు మీదే నడుస్తాయి కాబట్టి "సుమారు పది ఉంటుందండి" అనే లెక్క ఇక్కడ పనికిరాదు.

మెడ: బెల్టు ఎక్కడ కూర్చుంటుందో అక్కడ చుట్టండి. టేపుకి మెడకి మధ్య రెండు వేళ్ళు దూరాలి.

ఛాతీ: ముందుకాళ్ళకి కాస్త వెనకగా, పక్కటెముకలు బాగా వెడల్పుగా ఉండే చోట చుట్టూ కొలవాలి. హార్నెస్ సైజు తేల్చేది ఇదే. ప్యాకెట్ మీద స్మాల్, మీడియం అని రాసినవి నమ్మకండి, ఒక కంపెనీ మీడియం ఇంకో కంపెనీ స్మాల్ అంత ఉంటుంది, సెంటీమీటర్లే చూడండి.

పొడుగు: ముక్కు నుంచి తోక మొదలు దాకా. పడక, క్యారియర్ దీన్నిబట్టే.

ఈ నాలుగూ ఫోన్‌లో నోట్ చేసుకోండి, పక్కన తేదీ కూడా. పెరిగే పిల్లకి పాత కొలత పట్టుకెళ్తే అసలు కొలవనట్టే లెక్క.

2. లిస్టుని రెండు ముక్కలు చేయండి

మొదటి వారానికి నిజంగా కావాల్సినవి ఇవి:

☐ ఇప్పటిదాకా అది ఏం తింటోందో అదే ఫుడ్, చిన్న ప్యాకెట్
☐ తిండికి ఒకటి, నీళ్ళకి ఒకటి, రెండు స్టీలు గిన్నెలు
☐ బెల్టు, ఫోన్ నంబరు చెక్కించిన బిళ్ళ
☐ కుక్కకైతే హార్నెస్, మామూలు లీష్ (నడిపించేటప్పుడు మనం పట్టుకునే పట్టీ)
☐ పిల్లికైతే లిట్టర్, ట్రే, పార, క్యారియర్
☐ నమలడానికి ఒకటి, ఆడుకోడానికి ఒకటి
☐ మలం ఎత్తడానికి కవర్లు

ఇంక పడక, స్వెటర్, రెయిన్‌కోటు, పెర్ఫ్యూమ్, పుట్టినరోజు టోపీ... ఇవన్నీ రెండో ముక్కలోకి. పడక అసలు మొదట్లో కొనకండి, ఇంట్లో పాత బొంత ఉంటే నాలుగు మడతలు వేసి పరవండి చాలు. పిల్ల దశలో ఎలాగూ కొరికి దూది పీకేస్తుంది, ఉచ్చ పోస్తుంది, బొంతైతే ఉతికి ఆరేస్తాం, ఆ ఫోమ్ పడక ఉతకాలంటే వాషింగ్ మెషినే ఏడుస్తుంది. పైగా అది నేల చల్లదనానికి బండ మీద పడుకునే రకమో, మెత్తగా కావాలనే రకమో కొన్నాళ్ళు చూస్తేగానీ తెలీదు. మన ఏప్రిల్, మే ఎండల్లో చాలా కుక్కలు బాత్రూమ్ గుమ్మం దగ్గర బండే కావాలంటాయి.

3. ఏది ఎక్కడ కొనాలి

అన్నీ పెట్ షాపులోనే కొనాలని రూలేం లేదు.

స్టీలు గిన్నెలు స్టీలు సామాన్ల కొట్లో కొనండి. అడుగు వెడల్పుగా ఉండి జారనివి. పిల్లికి లోతు గిన్నె వద్దు, మీసాలు అంచుకి తగిలితే కొన్నిటికి చిరాకు, వెడల్పాటి చిన్న పళ్ళెం బెస్టు. ప్లాస్టిక్ గిన్నెకి గీతలు పడితే వాటిలో జిడ్డు, క్రిములు చేరతాయి, కొన్ని పిల్లులకి గడ్డం కింద నల్లగా మొటిమల్లా వస్తాయి.

లిట్టర్ ట్రేకి ప్లాస్టిక్ సామాన్ల షాపులో దొరికే వెడల్పాటి టబ్ చాలు.

ఫుడ్ అయితే సరుకు బాగా తిరిగే షాపులో కొనాలి, లేదంటే ఆన్‌లైన్. హార్నెస్ మాత్రం వీలైనంత వరకు షాపుకెళ్ళి తొడిగి చూసే కొనండి. మందుల సంగతి కింద విడిగా చెప్తా.

చికెన్ కొట్లో "కుక్కకి" అని అడిగితే కాళ్ళు, స్కిన్, మెడలు కలిపి తక్కువకి ఇస్తారు కదా, చాలామంది వండిపెట్టేది అదే. తప్పులేదు కానీ ఉడికిన ఎముక పెట్టకూడదు, అది పుల్లల్లా విరిగి గొంతులో, పేగులో గుచ్చుకుంటుంది. మాంసం ఉడికించి ఎముకలు తీసేసి పెట్టండి. ఉప్పు, కారం, ముఖ్యంగా ఉల్లి, వెల్లుల్లి పడకూడదు, మనం తినగా మిగిలిన కూరన్నం కలిపి పెడితే తిరగమోతలోని వెల్లుల్లితో సహా లోపలికి పోతుంది. ఉల్లి, వెల్లుల్లి కుక్కకీ పిల్లికీ కూడా ఎర్రరక్తకణాలు దెబ్బతీస్తాయి. ఇంకోటి, ఏళ్ళ తరబడి చికెనూ అన్నమే పెడుతుంటే కాల్షియం లాంటివి చాలవు, కాబట్టి వండిపెట్టేవాళ్ళు ఒకసారి డాక్టర్‌తో కూర్చుని లెక్క రాయించుకోండి.

4. ఫుడ్ ప్యాకెట్ చదవడం

ముందువైపు బొమ్మ చూడొద్దు, తిప్పండి.

మొదట చూడాల్సింది ఎవరికి, ఏ వయసుకి అని. పప్పీ, అడల్ట్, కిట్టెన్ ఊరికే రాసిన పేర్లు కావు. పెద్దజాతి పిల్లలకి, అంటే లాబ్రడార్, జర్మన్ షెపర్డ్ లాంటివాటికి, లార్జ్ బ్రీడ్ పప్పీ ఫుడ్ వేరే ఉంటుంది, ఎముకలు మరీ తొందరగా పెరక్కుండా కాల్షియం లెక్కగా వేస్తారు. అలాంటి పిల్లకి విడిగా కాల్షియం టానిక్ కూడా బుట్టలో వేస్తాడు షాపువాడు, డాక్టర్ చెప్తే తప్ప తీసుకోకండి.

ఇంట్లో రెండూ ఉన్నవాళ్ళు కుక్క ఫుడ్డే పిల్లికీ పెడుతుంటారు. పిల్లికి టారిన్ అనే పోషకం తిండిలోంచే రావాలి, అది చాలకపోతే గుండె, కళ్ళు దెబ్బతింటాయి. పిల్లి ఫుడ్ వేరే కొనాల్సిందే.

రెండోది, "కంప్లీట్" అని ఉందా, "కాంప్లిమెంటరీ" అని ఉందా. కాంప్లిమెంటరీ అని ఉంటే అది నంజుకోడానికే, రోజూ కడుపు నింపడానికి కాదు. కొన్ని గ్రేవీ పౌచ్‌లు ఇలాంటివే, చూడ్డానికి భోజనంలా ఉంటాయి.

మూడోది పదార్థాల వరస. ఎక్కువ బరువున్నది ముందు రాస్తారు. మొదటి పేరే మొక్కజొన్న అయితే దాని సంగతి అర్థమైపోయింది. "చికెన్ ఫ్లేవర్" అన్న మాట రుచి గురించే చెప్తుంది, అందులో చికెన్ ఎంతుందో చెప్పదు. అలాగే చికెన్ మీల్ అని కనిపిస్తే కంగారు పడకండి, అది నీరు తీసేసి పొడిచేసిన మాంసం, అందులో ప్రోటీన్ గట్టిగానే ఉంటుంది. పచ్చి చికెన్ మొదట కనిపించినా దాని బరువులో ఎక్కువ భాగం నీళ్ళే.

నాలుగోది ప్రోటీన్ శాతం, ఇక్కడే అందరూ బోల్తా పడతారు. డ్రై ఫుడ్ మీద 24 శాతం, పౌచ్ మీద 8 శాతం అని ఉంటే పౌచ్ దండగ అనుకుంటారు. కానీ పౌచ్‌లో 80 శాతం నీళ్ళు, డ్రైలో 10 శాతమే. నీళ్ళు తీసేసి లెక్కేయండి: పౌచ్‌లో మిగిలేది 20, అందులో 8 ప్రోటీన్, అంటే 40 శాతం. డ్రైలో మిగిలేది 90, అందులో 24, అంటే దాదాపు 27. తేమ శాతం ప్యాకెట్ మీదే ఉంటుంది, ఫోన్‌లో క్యాలిక్యులేటర్ ఉండనే ఉంది. పౌచ్ కాస్త ఖరీదే కానీ పిల్లులు నీళ్ళు సరిగ్గా తాగవు కాబట్టి, ముఖ్యంగా మగపిల్లులకి మూత్రం అడ్డుపడే బాధ ఉంటుంది కాబట్టి, ఎంతోకొంత వెట్ ఫుడ్ పెట్టడం మంచిదనే అంటాను.

ఆఖరున ఎక్స్‌పైరీ తేదీ, చిరుగులు, ప్యాకెట్ ఉబ్బిందా. డబ్బాలోంచి తూచి ఇచ్చే లూజు ఫుడ్ మాత్రం ఎంత చవకైనా వద్దు. దానికి తేదీ ఉండదు, ఎప్పుడు విప్పారో తెలీదు, గాలి తగిలి అందులో కొవ్వు కనరువాసన కొడుతుంది, వానాకాలంలో బూజు కూడా పడుతుంది.

5. ఎంత ప్యాకెట్ తీసుకోవాలి

ప్యాకెట్ వెనక బరువు పక్కన రోజుకి ఎన్ని గ్రాములో పట్టిక ఉంటుంది. మీ కుక్కకి 180 గ్రాములు అని ఉందనుకోండి, 30 రోజులకి 5.4 కిలోలు. అంటే 3 కిలోల ప్యాకెట్ పదహారు రోజులకి అయిపోతుంది. విప్పిన ప్యాకెట్ ఓ నెల, నెలన్నరలో అయిపోయేలా చూసుకోవాలి, కాబట్టి ఈ కుక్కకి 20 కిలోల బస్తా ఆఫర్‌లో వచ్చినా లాభం లేదు, మూడు నెలలు పైన పడుతుంది అవ్వడానికి. చివరి నెల వాసన చూసి మొహం తిప్పేస్తే "మా వాడికి బోరు కొట్టింది" అనుకుని ఇంకో బ్రాండ్ కొంటారు.

ధర పోల్చడానికి ప్యాకెట్ మీద ఎంఆర్‌పీ దగ్గరే గ్రాముకో కిలోకో ఎంత పడుతుందో చిన్నగా అచ్చు వేసి ఉంటుంది, అది చూడండి. పెద్ద ప్యాకెట్టే ఎప్పుడూ చవక అనుకోనక్కర్లేదు.

కొత్త బ్రాండ్ అయితే దొరికే అన్నిట్లో చిన్న ప్యాకెట్టే. అది తినాలి కదా ముందు. పిల్లుల దగ్గర ఇది ఇంకా నిజం, నిన్నటిదాకా ఎగబడి తిన్నదాన్నే ఇవాళ గోడ పూసినట్టు పంజాతో కప్పెట్టి పోతుంది.

6. బెల్టు, హార్నెస్, లీష్

బెల్టు బిళ్ళకోసం, లాగడం హార్నెస్ తోటి. లాగే కుక్కకి మెడబెల్టుకే లీష్ తగిలిస్తే భారమంతా గొంతు మీద పడుతుంది. పగ్ లాంటి చప్పిడిముక్కు వాటికి ఇది అసలు వద్దు. బిగుసుకునే చోక్ చెయిన్ షాపువాడు "దీంతో దెబ్బకి కంట్రోల్ అవుద్ది సార్" అని చూపిస్తాడు, నవ్వి పక్కన పెట్టేయండి. ఇనప గొలుసు కూడా ఎండలో కాలిపోతుంది, మెడకి బరువు.

హార్నెస్ తొడిగాక ఇలా చూడండి:

☐ ప్రతి పట్టీ కింద రెండు వేళ్ళు దూరాలి, అరచెయ్యి దూరకూడదు
☐ ముందుకాలు ముందుకీ వెనక్కీ వేసినప్పుడు చంకలో పట్టీ రాసుకోకూడదు
☐ లీష్ తగిలించి మీరు ఎదురుగా నిలబడి మెల్లగా లాగండి, అది వెనక్కి నడుస్తుంది కదా, అప్పుడు తల బయటికి జారకూడదు
☐ బకిల్ మూసి గట్టిగా గుంజండి, కుట్టు దగ్గర దారం లేస్తోందేమో చూడండి

మూడోది ఎవరూ చూడరు. కుక్కలు తప్పించుకునేది ముందుకి ఉరికి కాదు, టపాసు చప్పుడుకో లారీ హారన్‌కో బెదిరి వెనక్కి గుంజుకుని తప్పించుకుంటాయి. భయస్తురాలైన వీధికుక్కని దత్తత తెచ్చుకున్నవాళ్ళు హార్నెస్‌కి ఒకటి, బెల్టుకి ఒకటి తగిలేలా రెండు కొక్కేల లీష్ తీసుకోండి.

బటన్ నొక్కితే సాగే లీష్ మన రోడ్ల మీద నాకస్సలు నచ్చదు. బైకులు సందుల్లోంచి వచ్చేస్తుంటాయి, ఆ సన్నతాడు ఎవరికీ కనపడదు, వేలికి చుట్టుకుంటే కోసేస్తుంది. అయిదారడుగుల నైలాన్ పట్టీ చాలు.

పిల్లి బెల్టుకి మాత్రం రివర్స్ రూలు, గట్టిగా లాగితే ఊడిపోయే బకిల్ ఉండాలి. కిటికీ ఊచకో కొమ్మకో చిక్కుకుంటే ఉరి పడకూడదు కదా.

7. లిట్టర్ గొడవ

గడ్డకట్టే బెంటొనైట్ మట్టి చాలా పిల్లులకి నచ్చుతుంది, ఎత్తడం కూడా తేలిక. బాగా చిన్నపిల్లలు దాన్ని నోట్లో పెట్టుకుంటాయి, కాబట్టి రెండు మూడు నెలలు దాటేదాకా గడ్డకట్టని రకం వాడండి. లావెండర్ వాసన, నిమ్మ వాసన మన ముక్కు కోసం చేసినవి, పిల్లికి అవి ఘాటు. వాసన లేనిదే తీసుకోండి.

ట్రే పిల్లి పొడుగుకి ఒకటిన్నర రెట్లు ఉండాలి. లిట్టర్ రెండు మూడు అంగుళాలు పోయాలి. పిల్లులు ఎన్నుంటే దానికి ఒకటి కలిపి అన్ని ట్రేలు, ఫ్లాట్‌లో చోటు లేదంటారు, కనీసం ఇద్దరికి ఒక్కటి మాత్రం పెట్టకండి. వాడిన మట్టి కమోడ్‌లో వేస్తే పైపు బిగుసుకుంటుంది, ప్లంబర్ బిల్లు లిట్టర్ బిల్లుని దాటేస్తుంది.

ట్రే కడగడానికి ఫినాయిల్ వద్దు, ఫినాల్ రకం మందులు పిల్లికి విషం. సబ్బునీళ్ళు, ఎండ.

క్యారియర్ పైన కూడా తెరుచుకునేది చూడండి. పిల్లి లోపల నిలబడి వెనక్కి తిరగగలగాలి. డాక్టర్ దగ్గర ముందు తలుపులోంచి పిల్లిని లాగడం ఓ చిన్న యుద్ధం, పైనుంచైతే ఎత్తేయొచ్చు.

8. మందుల అర దగ్గర ఆగండి

ఫుడ్ విషయంలో షాపువాడి సలహా వింటే డబ్బులు పోతాయి, ఇక్కడ వింటే ప్రాణం పోతుంది. అందుకే కాస్త గట్టిగా చెప్తున్నా.

మెడ వెనక పోసే పిడుదుల మందు బరువుని బట్టి వేర్వేరు సైజుల్లో ఉంటుంది. ఫ్రంట్‌లైన్ ప్లస్ కుక్కల ప్యాకులు 10 కిలోల దాకా ఒకటి, 10 నుంచి 20, 20 నుంచి 40, 40 నుంచి 60 ఇలా. పెద్దది కొని రెండు చిన్నవాటికి పంచడం చేయొద్దు. కుక్క మందు పిల్లికి పోయొద్దు, పర్మెత్రిన్ ఉన్న కుక్క మందులు పిల్లిని వణికించి చంపేస్తాయి. ఇంట్లో కుందేలు ఉంటే దానికి ఫ్రంట్‌లైన్‌లో ఉండే ఫిప్రోనిల్ కూడా విషమే.

నోట్లో వేసే పిడుదుల మాత్రలు డాక్టర్ చీటీ మీదే. జ్వరం వస్తే ఇంట్లో ఉన్న పారాసిటమాల్ ముక్క వేస్తుంటారు, పిల్లికి ఒక్క మాత్ర చాలు చావడానికి, కుక్కకి కూడా మీ అంతట మీరు వేయొద్దు.

ప్యాకెట్ మీద చూసుకోవాల్సినవి:
☐ కుక్కకా, పిల్లికా
☐ ఎంత బరువుకి, కనీసం ఎంత వయసుకి
☐ అందులో మందు పేరు
☐ స్నానానికి ఎన్ని రోజులు ఆగాలి

9. బొమ్మలు, నమిలేవి

బొమ్మ మొత్తం నోట్లో పట్టేంత చిన్నది కాకూడదు. గుడ్లు, గుండీలు అతికించినవి వద్దు. నమిలే ముక్క మీద గోటితో నొక్కండి, కొంచెం కూడా గుంట పడకపోతే అది పంటిని విరగ్గొట్టేంత గట్టిది. తెల్లగా ముడేసిన తోలు ఎముకలు చవక, కానీ నాని ఉబ్బి పెద్దముక్క మింగితే అడ్డం పడతాయి.

పిల్లికి ఈకల కర్ర మంచి ఆట, ఆట అయిపోగానే తాడుతో సహా బీరువాలో పెట్టేయండి. తాడు మింగితే పేగులు ముడుచుకుపోయి ఆపరేషన్ దాకా వెళ్తుంది. ఖరీదైన బొమ్మ కొన్నారా, అది వచ్చిన అట్టపెట్టె పారేయకండి, పిల్లి దాంట్లోనే కూర్చుంటుంది.

ట్రీట్లు రోజు తిండిలో పదో వంతు మించకూడదు.

10. కుక్కని షాపుకి తీసుకెళ్ళాలా

టీకాలు పూర్తవ్వని పిల్లని తీసుకెళ్ళొద్దు, ఎంత ముద్దొచ్చినా సరే. పార్వో వైరస్ (కుక్కపిల్లలకి వాంతులు, రక్తవిరేచనాలు తెప్పించేది) నేలమీద నెలల తరబడి బతుకుతుంది, షాపు నేల మీద ఎన్ని కుక్కలు తిరిగుంటాయో. నాలుగు నెలలకి ఆఖరి డోసు పడి, ఓ రెండు వారాలు గడిచాకే.

పెద్దదైతే తీసుకెళ్ళండి, కానీ ఆదివారం సాయంత్రం కాదు. వారం మధ్యలో పొద్దున్నే వెళ్ళండి. ముందు ఓ పావుగంట బయట నడిపించి కాలెత్తే పని కానిచ్చేయండి, లేకపోతే ఫుడ్ బస్తాల వరస చివర మూల ఉంటుంది చూశారా, వచ్చిన ప్రతి మగకుక్కా అక్కడే సంతకం పెడుతుంది, మీవాడూ పెడతాడు. తుడుచుకోడానికి టిష్యూలు జేబులో ఉంచుకోండి, షాపు కుర్రాడితో మేమే తుడుస్తామనండి, తర్వాతి సారికి మంచి మర్యాద ఉంటుంది.

లీష్ పొట్టిగా పట్టుకోండి. ట్రీట్ డబ్బాలు సరిగ్గా దాని మూతి ఎత్తులోనే పెడతారు. దాని నోట్లోకి వెళ్ళింది బిల్లులోకి వెళ్ళినట్టే. షాపులో పిల్లి ఉందేమో గుమ్మంలోనే అడగండి. కుక్కని కార్లో వదిలి మీరొక్కరే లోపలికి వెళ్ళే ఆలోచన వద్దు, అద్దాలు కాస్త దించినా ఎండలో కారు నిమిషాల్లో పొయ్యిలా వేడెక్కుతుంది.

11. ఇంటికొచ్చాక

బిల్లు, ట్యాగులు వెంటనే పారేయకండి. హార్నెస్ ఇంట్లో తొడిగి పది నిమిషాలు తిప్పండి, బొచ్చు అంటకముందే, కొరకకముందే తేల్చుకోండి, బొచ్చంటిన సరుకు ఎవరూ వాపసు తీసుకోరు. ఆన్‌లైన్ పార్సిల్ అయితే విప్పేటప్పుడు వీడియో తీయండి, తేదీ కనపడేలా.

ఫుడ్‌ని ప్యాకెట్‌తో సహా మూతబిగువు డబ్బాలో పెట్టండి. కంపెనీ పేరు, బ్యాచ్, తేదీ దాని మీదే ఉంటాయి, రేపు ఏదైనా తేడా వస్తే కావాల్సింది అదే.

కొత్త ఫుడ్ ఒక్కసారిగా మార్చకండి:
☐ 1, 2 రోజులు: పాతది ముప్పావు, కొత్తది పావు
☐ 3, 4 రోజులు: సగం సగం
☐ 5, 6 రోజులు: కొత్తది ముప్పావు
☐ 7వ రోజు నుంచి: మొత్తం కొత్తది

మధ్యలో విరేచనాలు పట్టుకుంటే ఒక మెట్టు వెనక్కి వెళ్ళి అక్కడే రెండు రోజులు ఆగండి. రక్తం పడినా, వాంతులు తోడైనా, పిల్ల డీలా పడినా ఫుడ్ లెక్కలు ఆపి డాక్టర్ దగ్గరికి బయల్దేరండి.

12. ఎక్కువగా అడిగే తేడాలు

హార్నెస్ వేస్తే కదలకుండా విగ్రహంలా నిలబడుతోంది: సైజు సరిగ్గా ఉంటే భయం లేదు. వేసి ట్రీట్ పెట్టి వెంటనే తీసేయండి, రోజూ కాస్త కాస్త పెంచండి. లాక్కెళ్ళకండి.

లిట్టర్ బ్రాండ్ మార్చాక పిల్లి సోఫా మీద పోస్తోంది: పాత మట్టి ఒక ట్రేలో, కొత్తది ఇంకో ట్రేలో పక్కపక్కన పెట్టండి, దాన్నే తేల్చుకోనివ్వండి. పాతది పెట్టినా ఆగకపోతే డాక్టర్‌కి చూపించండి. మగపిల్లి ట్రేలో కూర్చుని ముక్కుతూ చుక్క కూడా రాకపోతే తెల్లారేదాకా ఆగొద్దు, అది ఎమర్జెన్సీ.

స్క్రాచింగ్ పోస్ట్ కొన్నాం, సోఫానే గీరుతోంది: పోస్ట్ పొట్టిగా ఉండి ఊగుతూ ఉంటుంది, చూడండి. పిల్లి ఒళ్ళు విరుచుకుని నిలబడినా చేతులు పోస్ట్ పైకొస దాటనంత ఎత్తు, తోస్తే పడనంత బరువు ఉండాలి. ఎక్కడో మూలన కాదు, ఆ సోఫా పక్కనే పెట్టండి.

కొన్న ఫుడ్ ముట్టట్లేదు, ప్యాకెట్ విప్పేశాం: ముందు గోరువెచ్చని నీళ్ళు కాస్త చిలకరించి పెట్టి చూడండి, వాసన లేస్తుంది. అయినా వద్దంటే తేదీ బాగున్నంత వరకు వీధిలో కుక్కలకి పెట్టే వాళ్ళుంటారు, వాళ్ళకి ఇచ్చేయండి. పిల్లి మాత్రం ఏ ఫుడ్డూ ముట్టకుండా పూర్తిగా ఒకరోజు దాటిందంటే అది అలక కాకపోవచ్చు, తిండి మానేసిన పిల్లికి లివర్ తొందరగా పాడవుతుంది, ఇంకో బ్రాండ్ కోసం షాపుకి కాదు, క్లినిక్‌కి వెళ్ళండి.